తోటదారుల సంఘములు, వాని సమాఖ్య

ఇంగ్లండులోని పట్టణవాసులు కూరగాయల కొరకు కౌలుకు తీసికొను చిన్న తోటలను గూర్చియు, ఆ తోటదారులు ఏర్పరచుకొన్న సంఘములను గూర్చియు, ఆ సంఘములన్నియు కలిసి నడుపుకొను సమాఖ్యను గూర్చియు నేడు కొన్ని మాటలు చెప్పదలచినాను. దూరదేశపు సంగతి మనకెందుకని మీరనవచ్చును. కాని పరపతి సంఘమునో, నీటి సంఘమునో నడిపిన పెద్దలకు ఇందు తెలియని చిక్కు ఒక్కటియు లేదు. పలువురు మనుష్యులు కలిసి ఒక సంఘమును నిలుపుట కష్టము. పలు సంఘములు కలిసి వేరొక సంఘమును నిలుపుట అంతకంటె కష్టము. ఆ పని యెట్లు సాగవలెనో చూతము.

ముందుగా తోట యనగా ఏమో చెప్పెదను. ఇంగ్లీషువారు దీనిని అలాట్‌మెంటు అందురు. ఇది ఇంటి పెరడు కాదు. ఊరి అంచుననో, రైలుదారి ప్రక్కననో ఉన్న పొలమును చిన్న చెక్కలుగా విభజించి, ఒక్కొక్క చెక్కను ఒక్కొక్క కుటుంబమునకు ఏటి కౌలుకు ఇత్తురు. పూర్వాచారము ననుసరించి ఒక చెక్క 10 రాడ్లు. రాడ్డు అనగా 30¼ చదరపు గజములు. కావున చెక్క 302½ చదరపు గజములు. మన సెంట్ల లెక్కలో ఇది సరిగా 6¼ సెంట్లు. ఎకరమునకు 16 చెక్కలు వచ్చును. పంట ముఖ్యముగా తోటదారుని కుటుంబము తినుటకే గాని వ్యాపారమునకు కాదు. ఈ నిర్వచనము 1922 నాటి చట్టములోనిది.

18, 19 శతాబ్దులలో అచటి పల్లెల ఉమ్మడి బీళ్ళకు కంచెలు పడి, అవి భూస్వాముల స్వంతమైపోయినవి. ఆవును మేపుకొనుటకును, నాలుగు దుంపలు పండించుకొనుటకును చోటు లేక కూలివారు అలమటించిరి. ఆ లోటును కొంత తీర్చుటకై ఈ తోటలు వ్యాపించినవి. 1887లో వీనికై ఒక చట్టము వచ్చినది. ఇంగ్లండు, వేల్సు దేశములలో 1908 నాటి చట్టమే నేటికిని ముఖ్యాధారము. ఓటర్లు గాని, పన్ను చెల్లించువారు గాని ఆరుగురు కలిసి తోటలు కావలెనని వ్రాసి యిచ్చినచో, స్థానికసభ ఆ కోరికను విచారింపవలెను. నిజముగా కొరత యున్నదని తేలినచో తోటలు ఏర్పరచుట దాని విధి. లోపలి లండను పేటలకు మాత్రము ఈ విధి లేదు.

1939–1945 యుద్ధకాలమున, సముద్రముపై వచ్చు ఆహారమునకు శత్రువుల భయ మేర్పడినప్పుడు, ప్రభుత్వము ఊరూర తోటలు త్రవ్వుడని ప్రజలను ప్రోత్సహించినది. అప్పుడు చెక్కల సంఖ్య సుమారు 14 లక్షల కెక్కినది. యుద్ధము ముగిసిన పిదప ఆ తోటలలో అధికభాగము ఇండ్లకును, బాటలకును, బడులకును పోయినది. నేడు మిగిలినవి మూడు లక్షలకు కొంత పైన. ఈ రెండు సంఖ్యలను పెద్దలు జ్ఞాపకముంచుకొనవలెను. తోటదారునికి చీడకంటె, మంచుకంటె పెద్ద భయము భూమి పోవుటయే. సంఘముల సమాఖ్యకు మొదటి ప్రయోజనమును అదియే.

ఒక్కొక్క పొలమున ఉన్న తోటదారులు ఒక సంఘముగా చేరుదురు. పెక్కుచోట్ల స్థానికసభ పొలమంతటిని ఆ సంఘమునకే కౌలుకిచ్చి, లోపలి వ్యవహారమును దానికే వదలివేయును. చెక్కలు పంచుట, కౌలు వసూలు చేయుట, కొళాయిలు బాగుచేయించుట, దారులు కంచెలు చూచుకొనుట, చెక్క కొరకు వేచియున్నవారి జాబితా వ్రాసియుంచుట సంఘము పనులు. ఎవరి చెక్కలో కలుపు పెరిగి గింజలు ప్రక్క చెక్కలో రాలుచున్నవో ఆ సంఘమువారికే తెలియును. వారు చేయగల పనిని సమాఖ్య తన చేతిలోనికి తీసికొనరాదు.

సమాఖ్యలో సభ్యులు మనుష్యులు కారు, సంఘములు. దీనిని మరచినచోటనే తగవులు పుట్టును. సభకు వచ్చినవాడు తన చెక్క కొరకు గాక తన సంఘము కొరకు మాటలాడవలెను. తిరిగిపోయి జరిగినది తన సంఘమునకు చెప్పవలెను. ఈ రెండవ పని చేయని ప్రతినిధి వచ్చినను రానట్లే.

ఓట్ల విషయము మొదటనే తేల్చుకొనవలెను. ఒక పట్టణమున 12 సంఘములున్నవనుకొందము. ఒకదాని క్రింద 200 చెక్కలు, మరొకదాని క్రింద 20 చెక్కలు ఉన్నవి. సంఘమునకొక ఓటన్నచో, ఎక్కువ చందా ఇచ్చు పెద్దసంఘము గొణుగును. చెక్కల సంఖ్యనుబట్టి ఓట్లన్నచో, తమ మాట ఎట్లును చెల్లదని చిన్నవారు రాకుందురు. నాకు తోచిన మధ్యమార్గ మిది: ప్రతి సంఘమునకు ఒక ఓటు, ప్రతి 50 చెక్కలకు మరియొకటి, కాని ఏ సంఘమునకును మొత్తము నాలుగుకు మించరాదు. అప్పుడు పెద్దసంఘమునకు గౌరవమును, చిన్నసంఘమునకు రక్షణయు దొరకును.

సమాఖ్య చేయదగిన పనులు, ఒక సంఘము ఒంటరిగా చేయలేనివి. స్థానికసభతో కౌలు రేటును గూర్చియు, నీటి ఖర్చును గూర్చియు ఒక్క నోటితో మాటలాడుట అందు మొదటిది. విడివిడిగా పోయినచో ఒకరికి ఒక జవాబు, వేరొకరికి వేరొక జవాబు దొరకును. తోటలోనికి వచ్చినవారికి దెబ్బ తగిలినచో నష్టపరిహారము చెల్లించుటకు అందరికిని కలిపి భీమా చేయించుట మరియొకటి. విత్తనపు దుంపలు, సున్నము, ఎరువు మొత్తముగా కొనుట లాభకరమే. కాని ఇందు ఒక జాగ్రత్త కావలెను. సంఘములు తమకు కావలసినది వ్రాసి, సొమ్ము ముందుగా చెల్లించిన పిదపనే కొనవలెను. అమ్ముడుపోవునులే యని సమాఖ్య సరకు తెచ్చి నిలువచేసినచో, మొలకెత్తిన దుంపలును, గడ్డకట్టిన ఎరువును, ఖాళీయైన కోశమును మిగులును.

తగవు తీర్చుట సున్నితమైన పని. చెక్కను బీడుపెట్టినాడని సంఘము ఒకనిని తొలగించినదనుకొందము. అతడు సమాఖ్యకు మొరపెట్టుకొనును. అప్పుడు సమాఖ్య ఆ చెక్కలోని కలుపును కొలువరాదు. నియమములో చెప్పినట్లు అతనికి వ్రాతమూలముగా హెచ్చరిక ఇచ్చిరా, గడువిచ్చిరా, అతని మాట వినిరా అని మాత్రమే చూడవలెను. అట్లు జరిగినచో సంఘము తీర్పే నిలువవలెను; జరుగనిచో మరల విచారింపుడని త్రిప్పిపంపవలెను. ఇంతకు మించి కల్పించుకొన్నచో సంఘమునకు అధికారము పోవును, సమాఖ్యకు శత్రువులు పెరుగుదురు.

లెక్కలను గూర్చి మీకు నేను చెప్పనక్కరలేదు. అయినను రెండు మాటలు. చందాను సంఘమునకింత యని గాక చెక్కకింత యని పెట్టుట న్యాయము. సొమ్ము తీయుటకు ఇద్దరి సంతకములుండవలెను. వారిరువురు ఒకే ఇంటివారు, ఒకే సంఘమువారు కారాదు. ఏటేట లెక్కలను సమాఖ్య కార్యవర్గములో లేనివారొకరు తనిఖీ చేయవలెను. తీర్మానముల పుస్తకమును కార్యదర్శి అదే వారమున వ్రాసి, నకళ్ళు ప్రతి సంఘమునకు పంపవలెను. మూడు నెలల తరువాత జ్ఞప్తిపై వ్రాసిన తీర్మానమును ఎవరును నమ్మరు.

ఇక అసలు విషయము, భూమి. అచట స్థానికసభల చేతిలోనున్న తోటభూములు రెండు విధములు. తోటల కొరకే కొన్నది గాని, తోటల కొరకని తీర్మానించి కేటాయించినది గాని మొదటి విధము. 1925 నాటి చట్టము 8వ సెక్షను ప్రకారము, మంత్రి అనుమతి లేక దానిని అమ్మరాదు, వేరొక పనికి వాడరాదు. తొలగింపబడు తోటదారులకు తగినంత బదులు చోటు చూపబడునని గాని, అట్టిది అనవసరమో అసాధ్యమో యని గాని తోచిననే తప్ప మంత్రి అనుమతింపరాదు. రెండవ విధము, వేరొక పనికై ఉంచుకొని, ఆ పని మొదలగువరకు తోటలకిచ్చినది. దీనికి ఆ రక్షణ లేదు. చూచువానికి రెండును ఒక్కటే. రెంటియందును అవే చిక్కుడు తీగలు, అవే క్యాబేజీ మళ్ళు. భేదమంతయు కాగితములో నున్నది.

కావున సమాఖ్య దగ్గర ఉండదగిన అతిముఖ్యమైన పుస్తకము భూముల చిట్టా యని నా అభిప్రాయము. ప్రతి తోటకు ఒక పుట కేటాయింపవలెను. విస్తీర్ణ మెంత, ఎల్లలేవి, భూమి ఎవరిది, ఏ సంవత్సరమున ఏ తీర్మానముతో తోటలకు వచ్చినది, రెండు విధములలో ఏది, కౌలుపత్రము గడువు ఎప్పటివరకు, ఇవన్నియు అందుండవలెను. చెక్కలెన్ని, ఖాళీలెన్ని, వేచియున్న వారెందరు అను అంకెలను ఏటేట మార్చి వ్రాయవలెను. తోటలు ఎవరికిని అక్కరలేదని స్థానికసభ అన్నప్పుడు ఈ అంకెలే సాక్ష్యము. ఖాళీ చెక్కలను నింపక విడిచిన సంఘము తన చేతితోనే ప్రతివాదికి సాక్ష్యము వ్రాసియిచ్చినట్లు.

ఈ చిట్టాను నెమ్మదికాలముననే వ్రాయవలెను. కొలతగొలుసు పట్టుకొని మనుష్యులు పొలములోనికి వచ్చిన తరువాత పాతతీర్మానములు వెదకుటకు వ్యవధి చాలదు. చట్టమును కొంత వ్యవధి ఇచ్చుచున్నది: 1950 నాటి చట్టము ననుసరించి సామాన్యముగా తోటదారునికి 12 నెలల నోటీసు ఉండవలెను, ఆ గడువు ఏప్రిల్ 6కు లోపల గాని, సెప్టెంబరు 29కి తరువాత గాని ముగియవలెను. అనగా పంట నిలిచియుండగా వెళ్లగొట్టరాదని భావము. కాని పంటను కాపాడు నియమము పొలమును కాపాడజాలదు.

జర్మనీలో ఈ ఏర్పాటు ఒక మెట్టు ముందుకు పోయినది. అచట 1864లో లైప్సిగు నగరమున పుట్టిన ఒక సంఘము పేరుమీదనే ఇట్టి తోటలకు ష్రేబరు తోటలని వాడుక వచ్చినది. చాల నగరములలో భూమిని సంఘముల సమాఖ్యయే మొత్తముగా కౌలుకు తీసికొని, సంఘములకును, వానిద్వారా కుటుంబములకును ఇచ్చును. 1983 నాటి చట్టము ప్రకారము చెక్క 400 చదరపు మీటర్లకు, అనగా సుమారు పది సెంట్లకు, మించరాదు. భూమి పత్రము సమాఖ్య పేరనే యుండుటచేత ఏ సంఘమునకును దానినుండి విడిపోవు కోరిక పుట్టదు. కాని బాధ్యతయు అంతే; ఒక సంఘము కౌలు చెల్లింపనిచో సమాఖ్య తానే జవాబు చెప్పుకొనవలెను.

చివరగా ఒక మాట. ఇట్టి సమాఖ్యలను నడుపువారు సాధారణముగా జీతము లేని పెద్దవారు. కార్యదర్శి పదియేండ్లు పనిచేసిన పిదప కాగితములన్నియు అతని ఇంటి బీరువాలోనే చేరును. అతనికి జబ్బు చేసినచో సమాఖ్యకు జ్ఞాపకశక్తి పోయినట్లే. కావున ప్రతి కార్యదర్శి ప్రక్కన ఒక యువకునిగాని యువతినిగాని సహాయకార్యదర్శిగా ఉంచి, భూముల చిట్టాకు రెండవ ప్రతిని వేరొకచోట భద్రపరుపవలెను. ఏటేట సర్వసభ్యసభలో ఆ రెండు ప్రతులను బల్లపై నుంచి సరిచూచుకొనవలెను. ఒక గంట పట్టు ఆ పని, తోటదారులు తరములుగా ఎరువు వేసి బాగుచేసికొన్న నేలకు కావలి.