సర్వరు లేని గణనము

‘సర్వర్‌లెస్’ అను పేరు విని, సర్వరే లేకుండ గణనము సాగునని పలువురు తలచుచున్నారు. మన యింట రేడియో కలదు, ప్రసారయంత్రము లేదు. అంతమాత్రమున ప్రసారయంత్రమే లేదందుమా? అట్లే ఇచటను సర్వరు, అనగా అడిగినవారికి పనిచేసిపెట్టు కంప్యూటరు, ఎచటనో కలదు. మనకు లేనిది దానిని కొని, కాపాడు బాధ్యత మాత్రమే.

2014 నవంబరులో అమెజాన్ సంస్థ ప్రకటించిన ‘లాంబ్డా’ ఇట్టిది. దుకాణదారు ఒకడు తన సరకుల ఛాయాచిత్రమును ఆ సంస్థ భాండారమున చేర్చెననుకొందము. ఆ చేరికయే పిలుపు. వెంటనే, అతడు ముందే వ్రాయించి యుంచిన చిన్న ప్రోగ్రాము మేల్కొని, చిత్రమునకు చిన్న ప్రతిని సిద్ధపరచి విరమించును. నూరు చిత్రములు ఒక్కుమ్మడి వచ్చినచో నూరు చోట్ల మేల్కొనును. ఏదియు రాని రాత్రి ఆ ప్రోగ్రామునకు రుసుము లేదు. మొదట సెకనులో పదవవంతు చొప్పున కట్టిన లెక్కను 2020 డిసెంబరు నుండి వేయవవంతు చొప్పున కట్టుచున్నారు.

అప్పుడప్పుడు తగులు పనులకు ఇంతకన్న చవుక మార్గము మాకు తోచదు. కాని రేయింబవళ్లు ఎడతెగక సాగు పనికి సొంతయంత్రమే చవుక కావచ్చును. అద్దెపాత్రలతో నిత్యము వంట చేయుదుమా? మరియు ఒక్కొక్క పిలుపునకు గడువు 15 నిమిషములే. అది దాటినచో పని నడుమనే నిలిచిపోవును. కావున పెద్ద లెక్కలను ముక్కలు చేసియే అప్పగింపవలెను.