మిడుతూరి మిడుతలు - గాజుపెట్టెలోని బల్లులు

బల్లి మీద పడినచో పంచాంగము తెరచి ఫలము చూచుకొను సంప్రదాయము మనది. కుడి భుజమా, ఎడమ భుజమా యని విచారించి, తలస్నానము చేసి, దేవునియెదుట దీపము పెట్టినగాని మన యిండ్లలో పెద్దలకు మనసు కుదుటపడదు. అట్టి యిండ్లలోనే నేడు బల్లిని వెలపోసి కొని, గాజుపెట్టెలో వెచ్చని దీపము క్రింద కూర్చుండబెట్టి, వేళ తప్పక తిండి పెట్టి పోషించువారు కనబడుచున్నారు. పిల్లలు ముచ్చటపడుదురు, తండ్రి కొనిపెట్టును, పది దినములు గడచినపిమ్మట దాని తిండి సంగతి తల్లి నెత్తిన పడును. ఆ తల్లిదండ్రులను ఉద్దేశించియే ఈ ప్రసంగము.

అసలు విషయమునకు ముందు చట్టము మాట చెప్పవలసియున్నది. పెంచుకొనదగినవి మన చేలలో తిరుగాడు ప్రాణులు కావు. ఉడుము, ఊసరవెల్లి, నక్షత్ర తాబేలు మొదలైన మన దేశపు సరీసృపములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు అండ కలదు. వానిని పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు నేరమే. ఇండ్లలో పెరుగుచున్నవి పరదేశపు జాతులు: ఆస్ట్రేలియాకు చెందిన బియర్డెడ్ డ్రాగన్ అను గడ్డపు తొండ, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మెట్టసీమల లెపర్డ్ గెకో అను మచ్చల బల్లి మున్నగునవి. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలకెక్కిన విదేశీ జాతులను పెంచువారు వాని వివరములను ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెనని 2022 నాటి చట్ట సవరణయు, దానిననుసరించి 2024లో వచ్చిన నియమములును చెప్పుచున్నవి. కొనునప్పుడే కాగితములు అడిగి పుచ్చుకొనుట మంచిది.

సరీసృపమన్నంతనే పురుగులు వేయుటయు పొరబాటే. పచ్చని ఇగువానా ఆకులు మేయు ప్రాణి. దానికి పురుగులు పెట్టిన మేలుకంటె కీడే యెక్కువ. గడ్డపు తొండ చిన్నతనమున పురుగులను మెండుగా తిని, పెద్దదైనకొలది ఆకుకూరలకు మరలును. మచ్చల బల్లి మాత్రము జీవితాంతము పురుగులపైననే ఆధారపడును. కదలుచున్నదానినే ఎరగా గుర్తించు స్వభావముగలది గనుక చచ్చిన పురుగును చాలవరకు ముట్టదు. కనుక బ్రతికియున్న పురుగులు కావలెను, అవియు మంచివి కావలెను. మంచి పురుగు అనగా నేమి? ఇదియే చిక్కు.

నంద్యాల జిల్లాలోని మిడుతూరు పేరు వినినంతనే ఎవరికైనను మిడుత తలపునకు వచ్చును. ఆ ప్రాంతపు నల్లరేగడి చేలలో శనగ, జొన్న, పత్తి పండును. వానలు కురిసినపిమ్మట గట్టుమీది గడ్డిలో అడుగిడినచో నాలుగు మిడుతలు చివ్వున ఎగురును. పట్టణమునుండి డబ్బాలతో పురుగులను తెప్పించుకొనుటకంటె సంచి చేతబట్టి చేనిగట్టునకు పోవుట మేలుగదా యని తోచుట సహజము. ఖర్చులేదు, పురుగు సజీవముగా నున్నది, అప్పుడే పట్టినది. ఇంతకంటె మంచి మేత యేమి కావలయును?

ఈ ప్రశ్నకు సమాధానము ఆ మండలములోనే, రోళ్లపాడులో దొరకును. బట్టమేక పక్షిని కాపాడుటకై 1988లో అచ్చట అభయారణ్యము నేర్పరచిరి. అరణ్యమను పేరేగాని పెద్ద చెట్లతో నిండిన అడవి కాదది; సుమారు 6 చదరపు కిలోమీటర్ల గడ్డిబీడు. మీటరు ఎత్తున నిలబడి, మగపక్షియైనచో 15 కిలోల వరకు తూగు బట్టమేక, ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో ఒకటి. 1980 దశకమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పరిశోధకులు అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ మున్నగువారు ఇచ్చట దాని జీవితమును శ్రద్ధగా పరిశీలించిరి. వానకాలమున ఆ భారీపక్షి ఆహారములో మిడుతలకు, పెంకుపురుగులకు పెద్ద పాలు కలదు. చలికాలమున మధ్యాసియానుండి వచ్చు హారియర్ అను డేగజాతి పక్షులు రాత్రి ఆ గడ్డిలో నేలమీదనే నిదురించి, పగటివేళ మిడుతలను ఏరి తినును. తొండలును అంతే. అచ్చటి మిడుత ఒక పెద్ద భోజనశాల.

ఆ భోజనశాలలో వంట చేయునది గడ్డి. మిడుత తాను తిన్నదానిని పొట్టలో మోసికొనిపోయి, తన్ను తిన్నదానికి వడ్డించును. పచ్చని గడ్డి తిన్న మిడుత పచ్చని గడ్డిని వడ్డించును. మందుచల్లిన శనగాకు తిన్న మిడుత ఆ మందును వడ్డించును. పురుగు మంచిచెడ్డలు దాని జాతిలోకంటె దాని పొట్టలో నున్నవని మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట. తక్కినదంతయు దీనికి వివరణమే.

గడచిన దశాబ్దమున బట్టమేక రోళ్లపాడున దాదాపు కనుమరుగైనది. బీళ్లు సాగులోనికి వచ్చుట, నీటిపారుదల, జనసంచారము - ఇట్లు కారణములు పెక్కు గలవు. అంతయు పురుగుమందుల నెత్తిన రుద్దుట న్యాయము కాదు. కాని విషము మిడుతద్వారా పక్షికి చేరుట ఊహామాత్రమనుకొనువారికి 1995-96లో అర్జెంటీనాలో జరిగినది చాలును. ఉత్తర అమెరికానుండి ఏటేట అచ్చటికి పోవు స్వెయిన్సన్ డేగలు చేలలోని మిడుతలను తిని వేలకొలదిగా నేలరాలినవి. ఆ చేలపై చల్లిన మందు మోనోక్రోటోఫాస్. మన పత్తిరైతులు దశాబ్దములు వాడిన మందే. మన దేశమున 2005లో కూరగాయలపై దాని వాడుకను నిషేధించిరి.

ఇందులో మరియొక మోసము కలదు. మందు సోకిన మిడుత ప్రతిసారి తక్షణమే చావదు. మత్తుగొని, ఎగురలేక, ఆకుమీదనే తూలుచుండును. ఆరోగ్యముగల మిడుత పిల్లవాని చేతికి చిక్కుట కష్టము. మత్తుగొన్నది చిటికెలో చిక్కును. కనుక చేనిగట్టున సంచి త్వరగా నిండినచో సంతోషింపక సందేహింపవలెను. బీడులో మందు చల్లరుగదా, అభయారణ్యపు మిడుతలను తెచ్చుకొందుమా యనువారుందురు. అభయారణ్యములో మిడుతను పట్టుటకును చట్టము ఒప్పుకొనదు. పైగా అచ్చట వానిని నమ్ముకొన్న ప్రాణులు వేరుగా నున్నవి.

మందు చల్లకున్నను స్వయముగా విషము దాల్చిన పురుగులు మన పొలములలో నున్నవి. జిల్లేడు చెట్టుపై పసుపు, నీలి చారలతో చిత్రించినట్లుండు మిడుతను చూడనివారుండరు. అది జిల్లేడుపాలలోని గుండెను బాధించు విషమును తన యొంట దాచుకొనును. కందిపూలపైనను బెండపూలపైనను వాలు నలుపు, నారింజ పట్టెల పెంకుపురుగు రసము తగిలినచో మన చర్మమే బొబ్బలెక్కును. బల్లి కడుపులో నేమగునో ఊహించుకొనవచ్చును. మిణుగురు మరియు నపాయకరము. ఒక్క మిణుగురును మ్రింగి గడ్డపు తొండ చనిపోవుటను అమెరికా శాస్త్రజ్ఞులు 1999లో ప్రకటించిరి. రోళ్లపాడు తొండకు వేనిని తినవలెనో, వేనిని వదలవలెనో తెలియును. ఆస్ట్రేలియా తొండకు మన జిల్లేడు మిడుతతో పూర్వపరిచయము లేదు. రంగులు మెరయు పురుగును పెట్టకుండుట సులువైన కట్టుబాటు.

కనుక పెంచిన పురుగులే శరణ్యము. వీనిలో మొదటిది కీచురాయి. కొన్ని సీమలలో ఇలకోడి యందురు. మా వృత్తిలో దానితో మాకు పాతవైరము: పల్లెలో రాత్రివేళ ధ్వనిముద్రణమునకు పోయినప్పుడు గాయకునికంటె ముందు మైకులో అదియే దూరును. పాడునది మగకీచురాయి మాత్రమే, అదియు గొంతుతో గాక రెక్కకు రెక్క రాచుటచేత. పెంపకమున ప్రపంచమంతట వ్యాపించినది యింటి కీచురాయి. 2002లో ఐరోపాలోను, 2009-10లో ఉత్తర అమెరికాలోను ఒక వైరసు సోకి ఈ జాతిని పెంచు కేంద్రములను తుడిచిపెట్టినది. నాటినుండి పెక్కుచోట్ల ఇతర జాతుల కీచురాళ్లను పెంచుచున్నారు. ఆ వైరసు బల్లులకు సోకదుగాని, కిక్కిరిసిన పెట్టెలో తెగులు ఎంత వేగముగా ప్రాకునో దీనివలన తెలియును. అందుచేత డబ్బా కొనునప్పుడు మూత తీసి చూడవలెను. అడుగున చచ్చినవి పేరుకొనియున్నను, ఘాటైన కుళ్లువాసన వచ్చినను, బ్రతికినవి వెల్లకిల పడి కాళ్లు కొట్టుకొనుచున్నను కొనరాదు. అమ్మువానిని అడుగదగిన ప్రశ్న ఒక్కటే: వీనికి ఏమి పెట్టుచున్నావు? తడుముకొన్నచో మరియొక అంగడి చూచుకొనవచ్చును.

మంచి కీచురాయిలోను ఒక లోపము సహజముగనే యున్నది. పురుగులకు ఎముకలు లేవు గనుక కాల్షియము తక్కువ. ఒక పాలు కాల్షియమునకు భాస్వరము ఆరు మొదలు తొమ్మిది పాళ్ల వరకుండును. బల్లికి కావలసినది ఇందుకు విరుద్ధము: భాస్వరముకంటె కాల్షియము హెచ్చుగా, ఇంచుమించు రెట్టింపుగా నుండవలెను. ఆ కొరత తీరనిచో శరీరము ఎముకలనుండియే కాల్షియమును లాగుకొనును. దవడ మెత్తబడును, కాళ్లు వంకరలు పోవును, వణకు పుట్టును. తిండి కడుపునిండ పెట్టుచున్నను బల్లి చిక్కిపోవుచున్నదని వాపోవువారు ముందుగా చూడవలసినది దీనినే. కీచురాళ్ల మేతలో కాల్షియమును పెంచి, వానిద్వారా బల్లికి చేర్చవచ్చునని మేరీ ఆలెన్, ఒలవ్ ఆఫ్టడాల్ 1989లో నిరూపించిరి. ఆ మేతలో కాల్షియము నూటికి 8 పాళ్ల వరకుండి, దానిని కీచురాళ్లు రెండు దినములు తినవలెను.

మన సీమలో దీనికి సామగ్రి వెదకుకొనపనిలేదు. సంగటికి వాడు రాగిపిండి, పెరటిలోని మునగాకు - రెండును కాల్షియమునకు పేరుపొందినవే. కాని అవి మాత్రమే ఆ పరిమాణమునకు చాలవు. రాగిపిండిలో మందుల దుకాణమున దొరకు శుద్ధమైన కాల్షియము కార్బొనేటు పొడిని కలిపి, ప్రక్కన మునగాకును, తడికై ఒక క్యారెట్టు ముక్కను ఉంచవలెను. పాలకూర వలదు, అందలి ఆమ్లము కాల్షియమును బంధించివేయును. పెట్టుటకు ముందు పురుగులను ఒక సంచిలో వేసి, చిటికెడు అదే పొడితో కుదుపుట మరియొక పద్ధతి. కాని కీచురాయి శుభ్రతగల ప్రాణి, కొంతసేపటికే ఒళ్లు తుడుచుకొనును. కనుక వెంటనే పెట్టవలెను. ఈ కాల్షియము ఒంటబట్టుటకు డి విటమిను కావలెను. ఎండలోని అతినీలలోహిత కిరణములలో 290 మొదలు 315 నానోమీటర్లవరకు గల భాగము దానిని పుట్టించును. కిటికీ అద్దము ఆ భాగమును ఆపివేయును గనుక అద్దముగుండా వచ్చు ఎండ వెచ్చదనమునకే గాని దీనికి పనికిరాదు. తగిన దీపమును గాని, విటమిను పొడిని గాని పశువైద్యుని సలహాతో ఏర్పాటు చేసికొనవలెను.

పిండిపురుగులు గోధుమతవుడులోనే పెరుగును, వాసన తక్కువ, పెంచుట సులువు. క్రొవ్వు హెచ్చు గనుక నిత్యభోజనము కారాదు. నెలకు నాలుగుమారులు పెట్టు పిండివంటవంటివి.

మాకు ఎక్కువ ఆశ కలిగించునది పట్టుపురుగు. హిందూపురమున పేరుగాంచిన పట్టుగూళ్ల అంగడియు, దాపుననే కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన సంస్థయు నున్నవి. రాయలసీమలో మల్బరీ తోటలు పెంచు కుటుంబములు అనేకము. పట్టుపురుగు మెత్తనిది, నీరు మెండుగా గలది, పారిపోదు, అరవదు, కరవదు. అన్నిటికంటె ముఖ్యమైన గుణమొకటి కలదు: మల్బరీ ఆకుపై మందు వాసన సోకినను ముందు తానే చచ్చును. ప్రక్కచేనిలో మందు చల్లినప్పుడు పట్టురైతు పడు ఆందోళన చూచినవారికి ఇది తెలియును. మిడుత మత్తుతో తూలుచు విషమును మోయును. పట్టుపురుగు మోయకముందే చెప్పివేయును. నాలుగవ దశకు రాని పురుగులను, తట్టలో సున్నముగాని పడకమందుగాని చల్లక మునుపు, రైతువద్దనే అడిగి కొనుట మంచిది. మందు చల్లిన తట్టనుండి తీసికొనరాదు.

వేసవిలో మన యెండలకు పార్శిలులో వచ్చు కీచురాళ్లు సగము దారిలోనే మాడిపోవును. కనుక ఏప్రిలు, మే మాసములకు కావలసినవానిని మార్చిలోనే తెప్పించి ఇంటనే పెంచుకొనుట, లేదా రాత్రి ప్రయాణించు బస్సులో తెప్పించుకొనుట తెలివి. పెట్టు పురుగు పరిమాణము బల్లి రెండు కన్నుల నడుమనుండు ఎడమును మించరాదు. అది పావుగంటలో తినగలిగినన్నిటినే వదలవలెను. మిగిలిన కీచురాళ్లను రాత్రికి పెట్టెలో విడువరాదు. ఆకలిగొన్న కీచురాయి నిదురించు బల్లి వ్రేళ్లను, కనురెప్పలను కొరుకును. పెట్టెలో ఒకమూల కోడిగ్రుడ్లు పెట్టు అట్టతొడుగు ముక్క నుంచినచో అవన్నియు చీకటివేళ దానిలో దూరును. అట్టతోసహా ఎత్తి, డబ్బాలో దులిపి, మూతపెట్టి, మరునాటికి రాగిపిండి వేసిన సరి.