తూటా గుర్తుతో భద్రంగా నెల్సన్ కోటు

లండన్‌ నగరంలోని గ్రీనిచ్ జాతీయ నౌకాయాన మ్యూజియంలో వైస్ అడ్మిరల్ హొరేషియో నెల్సన్ ధరించిన ముదురు నీలిరంగు ఉన్ని కోటు భద్రపరచబడి ఉన్నది. 1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ వద్ద ఫ్రెంచి, స్పానిష్ నౌకాదళాలతో జరిగిన యుద్ధంలో ఆయన ధరించినది ఈ కోటునే.

ఇది లాంఛన సందర్భాల దుస్తు కాదు, నిత్య విధులలో ధరించే యూనిఫారం. అయినప్పటికీ ఆయన పొందిన నాలుగు బిరుదుల చిహ్నాలు దాని రొమ్ము భాగంపై కుట్టబడి ఉన్నాయి. 1797లో కుడి చేతిని కోల్పోయిన ఆయన, ఆ వైపు ఖాళీ చేతిని కోటు ముందుభాగానికి తగిలించుకునేవారు.

ఎడమ భుజంపై తూటా చేసిన రంధ్రం నేటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గాయంతోనే ఆయన అదే రోజున మరణించారు. 1845లో విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ ఈ కోటును కొనుగోలు చేసి గ్రీనిచ్ ఆసుపత్రికి బహూకరించారు. ఆ రంధ్రాన్ని కనబడకుండా సరిచేసి ఉంటే ఇది ఒక పాత దుస్తుగా మాత్రమే మిగిలేది. యథాతథంగా నిలిపినందువల్లనే చరిత్రకు సాక్ష్యమైనది.