ఒక్క పంక్తితో వచ్చు ఎరువు సొమ్ము

కనగానపల్లి వంటి మెట్ట ప్రాంతమున వానలెక్క యెంత ముఖ్యమో చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. దినదినము పడిన వానను మిల్లీమీటర్లలో వ్రాసికొని, నెలవారీగా చూపునట్టి చిన్న వెబ్ అప్లికేషనును మన విద్యార్థులు చేయదలచిరనుకొందము. వెబ్ అప్లికేషను అనగా బ్రౌజరులో పనిచేయు ప్రోగ్రాము. దానిని మొదటినుండి చివరివరకు మనమే వ్రాయవలయునా? అక్కరలేదు. వడ్రంగి తలుపు చేయునపుడు మేకులను తానే కొట్టుకొనడు గదా! అట్లే ఇతరులు ముందే వ్రాసి యుంచిన ప్రోగ్రాము భాగములను తెచ్చి మన పనిలో అమర్చుకొనవచ్చును. ఇట్టి భాగముల సముదాయమునకు లైబ్రరి యని పేరు. పుస్తకముల లైబ్రరితో దీనికి సంబంధము లేదు.

ఇట్టివానిలో రియాక్ట్ మిక్కిలి ప్రసిద్ధమైనది. ఫేస్‌బుక్ సంస్థలో జోర్డాన్ వాక్ దీనిని నిర్మింపగా, 2013వ సంవత్సరమున ఆ సంస్థ దానిని లోకమునకు విడుదల చేసెను. వానలెక్కలో ఒక్క అంకె మారినచో తెరయంతయు తిరిగి గీయక, మారిన భాగమును మాత్రమే మార్చుట దీని నేర్పు.

దీనిని తెచ్చుకొనుటకు ముందు నోడ్ అను సాధనము కంప్యూటరులో ఉండవలయును. జావాస్క్రిప్టు భాషను బ్రౌజరు వెలుపలకూడ నడుపుటకై రయన్ డాల్ 2009లో దీనిని చేసెను. దానితోడనే ఎన్‌పీఎం అను సరఫరాదారు వచ్చును. 2010లో ఐజాక్ ష్లూటర్ ఆరంభించిన ఈ ఎన్‌పీఎం, లోకమందలి ప్రోగ్రామరులు దాచియుంచిన లైబ్రరీల కొట్టమునుండి మనము కోరినదానిని తెచ్చి యిచ్చును.

ఇక విధానము. టెర్మినల్ అను కిటికీని తెరచి, "నోడ్ డ్యాష్ వీ" యని టైపు చేసి ఎంటర్ నొక్కవలెను. వెర్షను సంఖ్య కనబడినచో నోడ్ సిద్ధముగ నున్నదని యర్థము. పిదప "ఎన్‌పీఎం క్రియేట్ వీట్" అని ఆజ్ఞ యిచ్చినచో, ప్రాజెక్టునకు పేరేమని, ఏ లైబ్రరి కావలయునని అది ప్రశ్నించును. "వాన" యని పేరిచ్చి రియాక్టును ఎన్నుకొనవలెను. తరువాత "సీడీ వాన" యనిన ఆ ఫోల్డరులోనికి పోవుదుము. "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్" అనిన సామగ్రి యంతయు దిగును. "ఎన్‌పీఎం రన్ డెవ్" అనిన ఒక చిరునామా తెరపై కనబడును. దానిని బ్రౌజరులో తెరచినచో మన అప్లికేషను ప్రత్యక్షమగును. అది యప్పటికి మన కంప్యూటరులో మాత్రమే కలదు, లోకమునకు కనబడదు. ఇక్కడ తెలుగున వ్రాసిన ఆజ్ఞలనన్నిటిని ఆంగ్లాక్షరములలో టైపు చేయవలయునని వేరుగ చెప్పనేల? పాత పుస్తకములలో "క్రియేట్ రియాక్ట్ యాప్" అను మరొక సాధనము కనబడును. క్రొత్త పనులకు దానిని వాడవలదని రియాక్టు నిర్మాతలే 2025 ఫిబ్రవరిలో తెలిపిరి.

ఇంతవరకు సులభమే. అయితే పిమ్మట "నోడ్ మాడ్యూల్స్" అను ఫోల్డరును తెరచి చూడుడు. మనము కోరినవి కొన్నే. వచ్చినవి వానికి అనేక రెట్లు. ఏలననగా ప్రతి లైబ్రరియు మరికొన్నింటిపై, అవి యింకను కొన్నింటిపై ఆధారపడియుండును. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు చెప్పిన మాట యిక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

2016 మార్చి 22వ తేదీన ఈ బరువు లోకమునకు తెలియవచ్చెను. లెఫ్ట్-ప్యాడ్ అనునది పదునొకండు పంక్తుల చిన్న లైబ్రరి. 7 అను అంకెకు ఎడమప్రక్క సున్నలు చేర్చి 007 చేయునట్లు, పదమును కోరిన వెడల్పునకు నింపుటయే దాని పని. దాని రచయిత, మరొక లైబ్రరి పేరు విషయమున కలిగిన వివాదముచే, తాను వ్రాసినవాని నన్నిటిని కొట్టమునుండి తీసివేసెను. వెంటనే దానిపై ఆధారపడిన అసంఖ్యాకములైన ప్రాజెక్టులు నిలిచిపోయెను. వానిలో పేరెన్నికగన్నవియు కలవు. సుమారు రెండు గంటలలో ఎన్‌పీఎం వారు దానిని తిరిగి ఉంచి, అటుపిమ్మట తీసివేయు నిబంధనలను కఠినము చేసిరి.

మరియొక అపాయము పేరులో కలదు. "క్రాస్-ఎన్వ్" అనునది మంచి లైబ్రరి. నడుమనున్న గీతను తొలగించి అదే పేరుతో మరొకటిని ఎవరో కొట్టములో నుంచిరి. పొరపాటున దానిని తెచ్చుకొన్నవారి కంప్యూటరులోని రహస్య వివరములను అది అపహరించుచుండెను. 2017 ఆగస్టులో ఇది బయటపడెను.

కావున విత్తనము కొనునపుడు మన రైతు చూపు జాగ్రత్తనే ఇచ్చటను చూపవలెను. మంచి వేరుసెనగ విత్తనమేదో, ఎవరివద్ద తెచ్చినదో తెలిసికొనక ఏ రైతును తొలకరికి చేను విత్తడు. మొదట పేరును అక్షరమక్షరము సరిచూడుడు. రెండవది, లైసెన్సును చదువుడు. రియాక్టు 2017నుండి ఎంఐటీ లైసెన్సు క్రింద నున్నందున నిస్సంశయముగ వాడుకొనవచ్చును. మూడవది, పది పంక్తులలో తామే వ్రాయగల దానికై పరుల నాశ్రయింపకుడు. నాల్గవది, ఇన్‌స్టాల్ చేసినపుడు పుట్టు "ప్యాకేజ్-లాక్" అను ఫైలును పారవేయకుడు. 2017లో ఎన్‌పీఎం దీనిని ప్రవేశపెట్టెను. ఏ లైబ్రరిలో ఏ వెర్షను వచ్చినదో అందు ఖచ్చితముగ వ్రాయబడియుండును. "ఎన్‌పీఎం సీఐ" అను ఆజ్ఞ నిచ్చిన, ఆ జాబితా ప్రకారమే తిరిగి సామగ్రి దిగును.

ఈ కొట్టమును 2020లో గిట్‌హబ్ సంస్థ కొనెను. గిట్‌హబ్ 2018నుండి మైక్రోసాఫ్టునకు చెందినది. 2014లో ఆ మైక్రోసాఫ్టు పగ్గములు చేపట్టిన సత్య నాదెళ్ల తండ్రి యుగంధరుగారి స్వగ్రామము మన అనంతపురము సీమలోని బుక్కాపురము. కావున ఇవి యెక్కడివారో చేయు పనులని మన బాలబాలికలు వెనుదీయనక్కరలేదు.

విద్యార్థులారా! ఆజ్ఞ నిచ్చుట ఒక నిమిషము పని. తెచ్చినదేమో తెలిసికొనుట విద్య. ఈ యేడు మీరు కట్టిన వానలెక్క, మీరు పాఠశాల విడిచిన పిదప క్రింది తరగతివారు తెరచినపుడును నడువవలెను. వారికి మీ ప్రోగ్రాముతోపాటు లాక్ ఫైలును, ఏ లైబ్రరిని ఏ కారణమున తెచ్చితిరో తెలుపు ఒక పుట వ్రాతను అప్పగింపుడు. తొలకరినాడు ఆ తెర వెలుగక నిలిచిపోయినచో, నష్టము మీది కాదు, దానిని నమ్మినవారిది.