దాచిన పిస్తోలునకు అనుమతి యెవరిది?

అమెరికాలోని ఫిలడెల్ఫియా, కాండెన్ నగరముల నడుమ డెలావేర్ నది ప్రవహించుచున్నది. దానిపై వంతెన కలదు. మోటారుకారులో ఆ వంతెన దాటుటకు కొద్ది నిమిషములు చాలును. ఈ యొడ్డు పెన్సిల్వేనియా రాష్ట్రము. ఆ యొడ్డు న్యూజెర్సీ. పెన్సిల్వేనియాలో అనుమతి పత్రము పొంది, కోటు లోపల పిస్తోలు దాచుకొని తిరుగు మనుష్యుడు ఈ యొడ్డున చట్టమును పాటించు పౌరుడు. అదే కోటుతో, అదే పిస్తోలుతో, అదే పత్రముతో వంతెన దిగినంతనే అతడు నేరస్థుడు. న్యూజెర్సీ యితర రాష్ట్రముల పత్రములను అంగీకరింపదు. శిక్ష కొన్ని సంవత్సరముల కారాగారవాసము కావచ్చును. వంతెన దాటినంత మాత్రమున దంపతుల వివాహము రద్దు కాదు, కారు నడుపు లైసెన్సు చెల్లకుండ పోదు. పిస్తోలు పత్రమునకు మాత్రమే యీ గతి యేల పట్టినది?

మన దేశములో ఇట్టి ప్రశ్న పుట్టుటకు తావు తక్కువ. మన రాజ్యాంగము సప్తమ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 5వ అంశముగా ఆయుధములను చేర్చినది. 1959 నాటి ఆయుధముల చట్టము దేశమంతటికి ఒక్కటే. అమెరికా రాజ్యాంగకర్తలు అట్టి జాబితాలు వ్రాయలేదు. కేంద్రమునకు ఇచ్చిన అధికారములను మాత్రము పేర్కొని, తక్కినవి రాష్ట్రములవో ప్రజలవో అని 1791లో పదవ సవరణ ద్వారా చెప్పి ఊరకుండిరి. ఊరి శాంతిభద్రతలు ఆ తక్కినవాటిలో చేరినవి. అదే సంవత్సరమున వచ్చిన రెండవ సవరణ ఆయుధములు కలిగియుండు హక్కును గూర్చినదే. అయినను అది కేంద్రమునే గాని రాష్ట్రములను కట్టివేయదని 1876లో సుప్రీంకోర్టు పలికినది. అందువలన చాలకాలము ఏ రాష్ట్రము దారి దానిదైనది.

ఆ దారులు ఎంత వేరో చూచిన ఆశ్చర్యము కలుగును. నేడు తుపాకుల ప్రియులకు నిలయమని పేరుపొందిన దక్షిణ రాష్ట్రములలోనే పూర్వము ఆయుధమును దాచుకొనుట నీచమని భావించెడివారు. కెంటకీ, లూసియానా రాష్ట్రములు 1813లోనే దానిని నిషేధించినవి. నడుమునకు బహిరంగముగా కట్టుకొనువాడు పౌరుషవంతుడు, చొక్కా చాటున దాచువాడు హంతకుడు అన్నది నాటి తలంపు. న్యూయార్కు 1911లో సల్లివన్ చట్టమును చేసి, పిస్తోలునకు లైసెన్సు ఉండితీరవలె నన్నది. పొరుగుననే యున్న వెర్మాంటు మాత్రము నాటినుండి నేటివరకు ఎవరిని ఏ పత్రమును అడిగి యెరుగదు. 1987లో ఫ్లోరిడా వేసిన అడుగు పెద్దమలుపు. అంతకుముందు చాలచోట్ల అనుమతి నిచ్చుట, నిరాకరించుట అధికారి చిత్తము. ఫ్లోరిడా చట్టము ప్రకారము నిర్ణీతమైన అర్హతలున్న వానికి అనుమతి యిచ్చి తీరవలెను. ఆ పద్ధతి ఒక్కొక్క రాష్ట్రమునకే ప్రాకినది. ఇల్లినాయి 2013లో, అదియును కోర్టు ఉత్తరువుపై, తలయొగ్గినది. తరువాత అసలు పత్రమే అక్కరలేదను చట్టములు వచ్చినవి. టెక్సాసు 2021లో అట్లు చేసినది. 2024 నాటికి అట్టి రాష్ట్రముల సంఖ్య 29.

మరి కేంద్రము చేతులు ముడుచుకొని కూర్చున్నదా? లేదు. 1934, 1968 చట్టములతో ఏ ఆయుధము ఎట్లు అమ్మవలెను, ఎవరు కలిగియుండరాదు అనునవి కొంతవరకు తానే నిర్ణయించినది. దాచుకొని తిరుగు అనుమతి జోలికి మాత్రము అంతగా పోలేదు. పోదలచినను కోర్టులు రెండుసార్లు హద్దు గీచినవి. పాఠశాలల చెంత తుపాకి ఉండరాదని 1990లో కాంగ్రెసు (అక్కడ కాంగ్రెసనగా రాజకీయ పక్షము కాదు, పార్లమెంటు) చేసిన చట్టమును 1995లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. రాష్ట్రముల మధ్య వర్తకమును క్రమబద్ధము చేయు అధికారము క్రింద బడిలోని పిస్తోలు రాదన్నది. కాంగ్రెసు మరుసటి సంవత్సరము రాష్ట్రముల మధ్య వర్తకములో కదలిన తుపాకి అను మాటలు చేర్చి చట్టమును తిరిగి నిలబెట్టినది. లారీ యెక్కి సరిహద్దు దాటని పిస్తోలు ఎక్కడ నున్నది?

రెండవ హద్దు ఇంకను ముఖ్యము. 1993 నాటి బ్రేడీ చట్టము పిస్తోలు కొనువాని పూర్వచరిత్ర విచారింపవలెనని చెప్పి, తన సొంత యేర్పాటు పూర్తియగు వరకు ఆ పనిని స్థానిక పోలీసు అధికారులకు అప్పగించినది. షెరీఫు అనగా సాధారణముగా జిల్లా ప్రజలు ఓట్లతో ఎన్నుకొను పోలీసు అధికారి. మోంటానా, ఆరిజోనాలకు చెందిన షెరీఫు లిద్దరు, కేంద్రము తమను ఆజ్ఞాపింపజాలదని కోర్టుకెక్కిరి. 1997లో సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యముతో వారి పక్షముననే తీర్పు చెప్పినది. కనుక, ఈ షరతులపై అనుమతులిండు అని రాష్ట్ర అధికారులను కేంద్రము శాసింపలేదు.

శాసింపలేకున్నను, ఒక రాష్ట్రపు అనుమతిని తక్కినవియు మన్నింపవలె నని చెప్పవచ్చునా? కొంతకాలముగా వాదమంతయు దీనిపైననే. 2004లో కాంగ్రెసు పోలీసు ఉద్యోగులకు, పదవీ విరమణ చేసినవారికి అట్టి సదుపాయము కల్పించినది. సామాన్య పౌరులకును దానిని విస్తరింపజేయు బిల్లును 2017 డిసెంబరులో ప్రతినిధుల సభ 231–198 ఓట్లతో ఆమోదించినది. సెనేటు దానిని చేపట్టలేదు. 2025లో మరల అట్టి బిల్లు సభ ముందునకు వచ్చినది.

ఇక్కడనే ఒక వింత. నిత్యము రాష్ట్రముల హక్కులను గూర్చి గొంతెత్తు సభ్యులు ఈ బిల్లు దగ్గర కేంద్రమును పిలుచుచున్నారు. ఎన్నో విషయములలో కేంద్ర చట్టమే మేలనువారు న్యూయార్కు, కాలిఫోర్నియాల పక్షమున నిలిచి రాష్ట్ర స్వాతంత్ర్యమును స్మరించుచున్నారు. ఇరుపక్షముల సిద్ధాంతము కన్న వారివారి యిష్టమే బలమైనదని మాకు తోచుచున్నది. అయినను వాదములు తీసివేయదగినవి కావు. ప్రాణరక్షణ హక్కు నదీతీరమున ఆగిపోవుట అసంగతమే. కాని ఒక రాష్ట్రము తుపాకి కాల్చుటలో శిక్షణ పొందవలె నని, కొట్లాట కేసులో శిక్షపడిన వానికి అనుమతి లేదని నియమము పెట్టుకొన్నప్పుడు, అవేమియు లేని రాష్ట్రమునుండి వచ్చినవాడు ఆ వీధులలోనే ఆయుధముతో తిరుగవచ్చు నన్నచో, అన్నిటికంటె వదులైన చట్టమే దేశమునకంతకు చట్టమగును. అర్ధరాత్రి రహదారిపై కారు నాపిన పోలీసువాడు ఏ రాష్ట్రపు పత్రము నిజమైనదో, ఏది చెల్లినదో యెట్లు తేల్చుకొనును? మాకు ఈ రెండవ ఆక్షేపణయే బరువైనదిగా కనబడుచున్నది.

ఇంతలో న్యాయస్థానము వేరొక తలుపు తెరచినది. రెండవ సవరణ వ్యక్తిగతమైన హక్కు నిచ్చునని 2008లోను, అది రాష్ట్రములనుకూడ కట్టివేయునని 2010లోను సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2022 జూన్‌లో న్యూయార్కు విధించిన ప్రత్యేక కారణము చూపవలె నను షరతును 6–3తో కొట్టివేసినది. లైసెన్సు పద్ధతిని మాత్రము తప్పుపట్టలేదు. న్యూయార్కు వెంటనే క్రొత్త చట్టము చేసి, శిక్షణను తప్పనిసరి చేసి, భూగర్భ రైళ్లలోను, టైమ్స్ స్క్వేరులోను తుపాకి నిషేధించినది. గృహహింస విషయమున కోర్టు నిరోధకాజ్ఞకు లోనైన వానియొద్ద తుపాకి ఉండరాదను కేంద్ర చట్టమును 2024లో అదే సుప్రీంకోర్టు 8–1తో నిలిపినది.

న్యూజెర్సీలోను టెక్సాసులోను తెలుగు కుటుంబములు వేలకొలది నివసించుచున్నవి. బంధువుల యిండ్లకు కారులోనో విమానములోనో పోయివచ్చుచున్నవి. వారిలో పిస్తోలు గలవారెవరైన ఉన్నచో 1986 నాటి కేంద్ర చట్టమొకటి తెలిసియుండుట మంచిది. బయలుదేరు చోటను చేరు చోటను ఆయుధము చట్టసమ్మతమైనచో, దారిలోని రాష్ట్రములలో గుండ్లు తీసి, డిక్కీలో తాళము వేసి తీసికొని పోవచ్చును. ఆ రక్షణ యెంతటిదో 2010లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చినది. పశ్చిమ రాష్ట్రమునుండి పెన్సిల్వేనియాకు పోవు ప్రయాణికునకు న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయమున తరువాతి విమానము తప్పినది. సామాను చేతికిచ్చిరి. తాళము వేసిన పిస్తోలు ఆ సామానులోనే యున్నది. అతడు ఆ రాత్రి హోటలులో బసచేసి, ఉదయము విమానాశ్రయమునకు వచ్చి, నా పెట్టెలో పిస్తోలున్నదని తానే చెప్పెను, పోలీసులు నిర్బంధించిరి. అభియోగమును తరువాత ఉపసంహరించిరి. తనకు జరిగిన అన్యాయమునకు పరిహారము కోరగా, ఆ రాత్రి హోటలు గదిలో పెట్టె అతని చేతికందు దూరమున నుండెను గనుక కేంద్ర చట్టము అతనికి అండ కాదని కోర్టు తీర్పు చెప్పినది.