అచ్చుకు తామే పూచీ: స్వయం ప్రచురణలో రచయితల విజయాలు

రచన చేయడం ఒక ఎత్తు. దానిని పుస్తక రూపంలో పాఠకుని చేతికి అందించడం మరొక ఎత్తు. కథో, కవితో, నవలో వ్రాసి బీరువాలో దాచుకొన్నవారు మన ఉద్యోగుల కుటుంబాలలోనూ తక్కువ మంది కారు. ప్రచురణ సంస్థలకు పంపిన వ్రాతప్రతి తిరుగు టపాలో ఇంటికి చేరినప్పుడు కలిగే నిరాశ వారికి అనుభవైకవేద్యమే. అయితే ఆ నిరాశ వద్ద ఆగిపోక, ముద్రణ భారాన్ని తమ భుజాలపైనే వేసుకొని, పాఠకలోకాన్ని మెప్పించిన రచయితలు దేశవిదేశాలలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరి కృషిని, ఆ మార్గంలోని కష్టనష్టాలను పాఠక మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తేనీటి దుకాణం నుంచి గ్రంథకర్తగా

దేశ రాజధానిలో ఐ.టి.ఓ. ప్రాంతంలోని విష్ణు దిగంబర్ మార్గ్‌లో, హిందీ భవన్‌కు సమీపాన, కాలిబాట మీద దశాబ్దాల పాటు తేనీరు అమ్మిన లక్ష్మణ్ రావు గురించి ముందుగా చెప్పుకోవాలి. మహారాష్ట్రలోని అమరావతి జిల్లాకు చెందిన ఆయన నూలు మిల్లులోనూ, భవన నిర్మాణ పనులలోనూ కూలికి పనిచేసి, 1975లో ఢిల్లీ చేరుకొన్నారు. మాతృభాష మరాఠీ అయినా హిందీలో నవలలు వ్రాయాలన్నది ఆయన కోరిక. వ్రాతప్రతితో ప్రచురణకర్తల గడప తొక్కినప్పుడు ఎదురైనది నిరాదరణే. టీ కొట్టు నడిపేవాడు నవల వ్రాయడమేమిటన్న చులకన భావాన్ని ఆయన భరించవలసి వచ్చింది.

ఆయన కుంగిపోలేదు. రోజువారీ సంపాదనలో కొంత కొంత మిగిల్చి 1979లో తొలి నవలను తానే అచ్చు వేయించారు. ఆ తరువాత సొంత ప్రచురణ సంస్థను నెలకొల్పి ఇరవైకి పైగా పుస్తకాలను వెలువరించారు. వాటిలో 'రామ్‌దాస్' అన్న నవల ఆయనకు విశేషమైన పేరు తెచ్చిపెట్టింది. పుస్తకాలను సైకిలుకు కట్టుకొని పాఠశాలలకూ, గ్రంథాలయాలకూ స్వయంగా తిరిగి అమ్మేవారు. తేనీటి గ్లాసుల పక్కనే ఆయన పుస్తకాలు కూడా అమ్మకానికి ఉండేవి. ఒకవైపు వ్యాపారం, మరొకవైపు రచన సాగిస్తూనే దూరవిద్య ద్వారా పట్టభద్రులై, హిందీలో ఎం.ఎ. కూడా పూర్తిచేశారు. పుస్తకం రచయితను ఏ స్థాయికి చేర్చగలదో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

మనకు కొత్త కాదు

స్వయం ప్రచురణ అనగానే అదేదో ఈ కంప్యూటర్ యుగపు వింత అని భావించనక్కరలేదు. తెలుగులో ఆధునిక వచన రచనకు బాటలు వేసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు సొంత ముద్రణాలయాన్ని నెలకొల్పుకొన్నారు. 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించారు. తమ భావాలను ఎవరి అనుమతి కోసమూ ఆపుకోనక్కరలేని స్వేచ్ఛ దానివల్ల లభించింది. మన కాలంలో శ్రీమతి రంగనాయకమ్మగారు 'స్వీట్ హోమ్ పబ్లికేషన్స్' పేరిట తమ పుస్తకాలను తామే ప్రచురించుకొంటూ, వందలాది పేజీల గ్రంథాలను సైతం సామాన్యులు కొనగలిగిన ధరకే అందించారు. ఆమె అభిప్రాయాలతో ఏకీభవించనివారు కూడా ఈ విషయంలో ఆమె పట్టుదలను మెచ్చుకొంటారు.

హిందీ సాహిత్యంలో ఆణిముత్యంగా ఎన్నదగిన ఫణీశ్వర్‌నాథ్ 'రేణు' నవల 'మైలా ఆంచల్' 1954లో మొదట వెలువడినది పెద్ద సంస్థ ద్వారా కాదు. పాట్నాలో సొంత పూనికతో, సమతా ప్రకాశన్ పేరిట. విమర్శకుల ప్రశంసలు లభించిన పిమ్మటనే రాజ్‌కమల్ ప్రకాశన్ దానిని స్వీకరించింది. పూర్ణియా జిల్లా పల్లె జీవితం, అక్కడి మాండలికం ఆ విధంగా హిందీ పాఠకులందరి సొత్తు అయింది.

కేరళ రచయితలు మరొక అడుగు ముందుకు వేశారు. 1945లో కొట్టాయంలో పన్నెండుమంది రచయితలు నూట ఇరవై రూపాయల మూలధనంతో ఒక సహకార సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. ఎం.పి. పాల్ అధ్యక్షులుగా, ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న కథకుడు కారూర్ నీలకంఠ పిళ్ళై కార్యదర్శిగా ప్రారంభమైన ఈ 'సాహిత్య ప్రవర్తక సహకార సంఘం' తకళి శివశంకర పిళ్ళై కథలతో ప్రచురణకు శ్రీకారం చుట్టింది. రచయితలకు నూటికి ముప్పై వంతుల రాయల్టీ చెల్లించి, మలయాళ ప్రచురణ రంగం స్వరూపాన్నే మార్చివేసింది. ఒక్కరుగా మోయలేని బరువును పదిమందీ కలిసి మోయవచ్చునని ఆ సంఘం నిరూపించింది. సహకారోద్యమం విలువ తెలిసిన మన ఉద్యోగులకు ఈ ఉదాహరణ మరింత ఆత్మీయంగా తోచగలదు.

ఇటీవలి విజయాలు

ఈ శతాబ్దంలో స్వయం ప్రచురణకు అత్యధిక ప్రచారం తెచ్చిన భారతీయ రచయిత అమీష్ త్రిపాఠి. జీవిత బీమా సంస్థలో ఉద్యోగం చేస్తూ, కార్యాలయానికి వెళ్ళివచ్చే ప్రయాణ సమయంలో సైతం ఆయన తమ తొలి నవలను వ్రాసుకొన్నారు. ప్రచురణకర్తలు వరుసగా తిరస్కరించగా, ముద్రణ వ్యయాన్ని ఆయన సాహిత్య ప్రతినిధి భరించారు. ప్రచార బాధ్యతను అమీష్ స్వీకరించారు. మొదటి అధ్యాయాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, పుస్తకాల దుకాణాలలో ఉచితంగా పంచడం ఆయన ఆలోచనే. 2010లో 'ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా' వెలువడి, త్వరలోనే ఒక ప్రముఖ ప్రచురణ సంస్థ చేతికి వెళ్ళింది. శివుని కథానాయకునిగా నిలిపిన ఆ నవలాత్రయం 2013 నాటికి పూర్తయింది. తెలుగుతో సహా పలు భారతీయ భాషలలోనికి అనువాదమైంది.

అమెరికాలో నాడీశాస్త్రజ్ఞురాలు లీసా జెనోవా, తమ అమ్మమ్మగారికి సోకిన అల్జీమర్స్ వ్యాధి ప్రేరణగా 'స్టిల్ ఆలిస్' అన్న నవల వ్రాశారు. ప్రచురణకర్తల ఆదరణ లభించకపోగా 2007లో తామే అచ్చు వేయించి, కారులో పెట్టుకొని తిరిగి ప్రతులు అమ్మారు. 2009లో ఒక పెద్ద సంస్థ దానిని మళ్ళీ ప్రచురించింది. ఆ నవల ఆధారంగా వచ్చిన చలనచిత్రంలో నటనకు జూలియన్ మూర్ 2015లో ఉత్తమ నటిగా ఆస్కార్ పురస్కారం అందుకొన్నారు. మతిమరపు వ్యాధితో బాధపడే పెద్దలున్న ఇళ్ళలో ఆ నవల ఎందరికి ఓదార్పునిచ్చిందో లెక్క కట్టలేము. తిరస్కరణతోనే ఆ వ్రాతప్రతి కథ ముగిసి ఉంటే, పాఠకులకు ఆ ఓదార్పు అందేదే కాదు.

కంప్యూటర్ ప్రోగ్రామర్ ఆండీ వీర్ కథ మరొక తీరు. అంగారక గ్రహంపై ఒంటరిగా చిక్కుకొన్న వ్యోమగామి కథను ఆయన తమ సొంత ఇంటర్నెట్ పుటలలో అధ్యాయాల వారీగా ఉచితంగా అందించారు. విజ్ఞులైన పాఠకులు శాస్త్రసంబంధమైన పొరపాట్లను ఎత్తిచూపగా సరిదిద్దుకొన్నారు. 2011లో 99 సెంట్ల నామమాత్రపు ధరకు ఎలక్ట్రానిక్ పుస్తకంగా అమ్మకానికి ఉంచారు. 'ది మార్షియన్' అన్న ఆ నవల 2014లో ప్రసిద్ధ సంస్థ ద్వారా అచ్చయి, 2015లో రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో చలనచిత్రమైంది.

అప్పటికే ప్రసిద్ధులైన బ్రాండన్ శాండర్సన్ 2022 మార్చిలో, నాలుగు నవలలను తమ సొంత సంస్థ ద్వారానే వెలువరించ సంకల్పించి పాఠకులను ముందుగానే చందాలు కోరారు. ముప్పై రోజులలో లక్షా ఎనభై అయిదు వేలమందికి పైగా పాఠకులు నాలుగు కోట్ల పదిహేడు లక్షల డాలర్లు సమకూర్చారు. పేరుపొందిన రచయిత సైతం కోరి ఈ మార్గాన్ని ఎంచుకోవడం గమనార్హం.

నాణేనికి రెండవ వైపు

ఈ విజయాలను మాత్రమే చూసి ఉత్సాహపడితే అది అర్ధసత్యమే అవుతుంది. హిందీ, ఉర్దూ నవలా సాహిత్యంలో మహోన్నతుడైన ప్రేమ్‌చంద్ 1923లో బనారసులో సరస్వతీ ప్రెస్సు నెలకొల్పి నష్టాల పాలయ్యారు. ఆ ఆర్థిక ఇబ్బందుల ఒత్తిడే 1934లో ఆయనను బొంబాయి సినీరంగానికి వెళ్ళేటట్లు చేసింది. అక్కడ ఇమడలేక మరుసటి సంవత్సరమే వెనుదిరిగారు. అంతటివారికే తప్పని నష్టం మనబోటివారికి రాదని ఎవరు చెప్పగలరు?

అటక మీద చెదలు పట్టిన పుస్తకాల కట్టలు తెలుగునాట ఎన్ని ఇళ్ళలో లేవు? ఆ కట్టలలో ఉన్నది కాగితం మాత్రమే కాదు. అమ్మాయి పెళ్ళికో, అబ్బాయి చదువుకో దాచిన సొమ్ము కూడా. భవిష్య నిధి నుంచి తీసిన రుణంతో పుస్తకం వేసే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచించడం అత్యవసరం. అచ్చు వేసి పెడతామని ఆశచూపి, రచయిత వద్దనే పెద్ద మొత్తం వసూలుచేసి, కొద్దిపాటి ప్రతులు చేతిలో పెట్టి తప్పుకొనే సంస్థలూ ఉన్నాయి. ఒప్పంద పత్రంలో ప్రతుల సంఖ్య, హక్కులు, పంపిణీ బాధ్యత ఎవరివో స్పష్టంగా చదవనిదే సంతకం చేయరాదు.

తెలుసుకోదగిన కొన్ని విషయాలు

నేడు అవసరమైనన్ని ప్రతులను మాత్రమే అచ్చు వేయించుకొనే డిజిటల్ ముద్రణ అందుబాటులో ఉంది. నూరు ప్రతులతో ప్రారంభించి, పాఠకుల ఆదరణను బట్టి మరల ముద్రించుకొంటే అటక బరువు తగ్గుతుంది. పుస్తకానికి అంతర్జాతీయ ప్రామాణిక సంఖ్య, అనగా ఐ.ఎస్.బి.ఎన్., మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ద్వారా ఉచితంగా లభిస్తుంది. రచయితలు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురించిన ముప్పై రోజులలోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమెరా గ్రంథాలయానికీ, ముంబయి, ఢిల్లీ నగరాలలోని నిర్ణీత గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపవలసి ఉంటుంది. ఈ నిబంధనను భారంగా కాక భాగ్యంగా భావించాలి. అమ్ముడుపోని పుస్తకమైనా అక్కడ భావితరాల కొరకు భద్రంగా నిలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పరిష్కరణ. ప్రచురణ సంస్థలో సంపాదకుడు చేసే పనిని స్వయం ప్రచురణలో ఎవరో ఒకరు చేయవలసిందే. మొహమాటం లేని మిత్రునికి వ్రాతప్రతి చదివించి, అచ్చుతప్పులను రెండుమూడు పర్యాయాలు దిద్దించుకోవడం శ్రేయస్కరం. ఉద్యోగులు మన సంస్థ ప్రవర్తనా నియమావళిని ఒకసారి సిబ్బంది విభాగంలో సంప్రదించడం కూడా మంచిది.

పైన పేర్కొన్న వారిలో తేనీటి వ్యాపారి, బడిపంతులు, బీమా ఉద్యోగి, కంప్యూటర్ ప్రోగ్రామర్ ఉన్నారు. బ్రతుకుతెరువు కోసం పగలంతా శ్రమించి, మిగిలిన సమయంలో వ్రాసుకొన్నవారే వీరిలో అధికులు. మన కర్మాగారాలలో, కార్యాలయాలలో, క్వార్టర్లలో ఉన్న రచయితలు కూడా అటువంటివారే. తోటి ఉద్యోగి పుస్తకం వేశాడని తెలిసినప్పుడు ఉచిత ప్రతి కోసం చేయి చాచక, వెల చెల్లించి కొని, చదివి, నిష్పక్షపాతంగా నాలుగు మాటలు చెప్పడం మనం చేయగల సాయం. ఆ సాయం వల్ల ఒక కట్ట అటక ఎక్కకుండా పాఠకుల ఇళ్ళకు చేరుతుంది.