సిమ్యులేటర్ ఆగిపోతే ముందు సర్క్యూట్‌ను చూడండి

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో చాలామంది రైతులకు బోరే ఆధారం. అందుకే ఇక్కడ ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ప్రాజెక్టు అనగానే మోటారు ఆటో స్టార్టర్ అంటారు. బోర్డు మీద టంకం పెట్టేముందు కంప్యూటర్లో నడిపి చూడమని చెబుతాను. ఐఐటీ బాంబే ఉచితంగా ఇచ్చే ఈసిమ్ చాలు. దాని లోపల లెక్కలు చేసేది ఎన్‌జీస్పైస్. దాని మూలం 1973లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్పైస్.

చాలాసార్లు రన్ నొక్కగానే సిమ్యులేటర్ ‘టైమ్‌స్టెప్ టూ స్మాల్’ అని ఆగిపోతుంది. స్పైస్ ప్రతి నోడ్‌కూ ఒక వోల్టేజీ ఊహించుకుని, తప్పు ఎంతుందో చూసి, దిద్దుకుంటూ పోతుంది. ఇది న్యూటన్-రాఫ్సన్ పద్ధతి. డయోడ్‌లో 60 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు దాదాపు పది రెట్లవుతుంది. ఊహ కాస్త తప్పినా లెక్క ఎక్కడికో పోతుంది. దిద్దుబాటు కుదరకపోతే కాలాన్ని ఇంకా చిన్న ముక్కలు చేస్తుంది. అదీ చాలకపోతే చేతులెత్తేస్తుంది.

‘సార్, రెల్‌టాల్ పెంచితే సరిపోతుందిగా?’ అంటారు పిల్లలు. అది మామూలుగా 0.001, అంటే వెయ్యిలో ఒక వంతు తేడాను ఒప్పుకుంటుంది. దాన్ని సడలిస్తే జవాబు వస్తుంది గానీ దాన్ని నమ్మి రైతు పొలంలో పెట్టలేం.

అందుకే సర్క్యూట్‌నే సరిచేయాలి. ముందు స్టార్టర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ చూడండి. సెకండరీ వైపు గ్రౌండ్‌కు దారి లేకపోతే అక్కడి వోల్టేజీ ఎంతో లెక్కకు తేలదు. ఒక కొనకు ఒక గిగా ఓమ్ రెసిస్టర్ పెట్టి గ్రౌండ్‌కు కలపండి.

తర్వాత రిలే. కాయిల్‌ను ఒట్టి ఇండక్టర్‌గా గీసి, స్విచ్‌తో ఠక్కున తెంపితే వోల్టేజీ ఆకాశానికి ఎగురుతుంది. చిన్న 12 వోల్టుల రిలే కాయిల్‌కు సుమారు 400 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది, అది చూపించండి. బోర్డు మీద పెట్టే 1ఎన్4007 డయోడ్ ఇక్కడా కాయిల్‌కు అడ్డంగా ఉండాలి. దాని మోడల్‌లో సిరీస్ రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ రాయండి. కంట్రోల్ పల్స్‌కు ఒక మైక్రోసెకను ఎక్కే సమయం, దిగే సమయం ఇవ్వండి. రిలే పట్టుకోవడానికే మిల్లీసెకన్లు పడతాయి కాబట్టి జవాబు మారదు.

ఇవన్నీ సరిచేశాకా, మొదటి వోల్టేజీలు తేలే దశలోనే ఆగితే అప్పుడు జీమిన్ స్టెపింగ్, సోర్స్ స్టెపింగ్ అనే సిమ్యులేటర్ పద్ధతుల వైపు వెళ్లండి. నిజమైన వస్తువులో ఉన్న లీకేజీ, రెసిస్టెన్స్ డయాగ్రామ్‌లోనూ ఉంటే చాలాసార్లు అంతదాకా వెళ్లే పనే ఉండదు.